శత్రువు చెప్పిన దారిన రాలేదు, ఒకటే స్టారు

అమలాపురం గడియారస్తంభం దగ్గర టీ గ్లాసు చల్లారేలోగా నార్మండీ తీరాన్ని కాపాడేసేవాళ్లు, కొత్తపేటలో ఎక్కిన బస్సు రావులపాలెం చేరేలోగా స్టాలిన్‌గ్రాడ్‌ను నిలబెట్టేసేవాళ్లు ఇప్పుడు వీధికి నలుగురున్నారు. చేతిలో ఫోను, ఫోనులో టవర్ డిఫెన్స్. తెలుగులో చెప్పుకోవాలంటే బురుజుల ఆట. తెర మీద ఒక దారి గీసి ఉంటుంది. ఆ దారెంట శత్రువులు చీమల బారులా వస్తుంటారు. దారి పక్కన ఇక్కడో మెషిన్‌గన్ను, అక్కడో ఫిరంగి పెట్టుకుంటూ పోవడమే మన పని. చచ్చే ప్రతి శత్రువూ మన చేతిలో డబ్బులు పెట్టి మరీ చస్తాడు. ఆ డబ్బుతో ఇంకో ఫిరంగి. 1990లో అటారీ వాళ్ల ‘ర్యాంపార్ట్’ నాటి నుంచి ఉన్న వంశమే ఇది. 2007లో ‘డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్’ పేరుతో ఆఫీసు కంప్యూటర్లలోకి పాకింది. 2010లో ‘టాయ్ సోల్జర్స్’ వచ్చి మొదటి ప్రపంచ యుద్ధాన్నంతా బొమ్మల పెట్టెలో సర్దేసింది. ఆటలతో ఎవరికీ పేచీ లేదు, బంగారంలాంటి కాలక్షేపం. పేచీ అంతా ఆడేశాక ఆ మహానుభావులు వెలిబుచ్చే అభిప్రాయాలతోనే.

ఆ అభిప్రాయాలు చదవడం ఆట ఆడటం కన్నా పసందుగా ఉంటుంది. కంప్యూటర్ ఆటల అంగడి స్టీమ్‌లో ఎవరైనా సమీక్ష రాస్తే, రాసినవారు ఎన్ని గంటలు ఆడారో పక్కనే లెక్క కనిపిస్తుంది. వందల గంటలు ఆడి, ఇది దండగమారి ఆట, కొనకండని బొటనవేలు కిందికి దించే పెద్దమనుషులకు అక్కడ కొదవ లేదు. విస్తరి ఊడ్చి, వేళ్లు నాకి, చెయ్యి కడుక్కుంటూ పప్పులో ఉప్పు లేదనడం పెళ్లివారికే చెల్లిందనుకున్నాం ఇన్నాళ్లూ. సరే, ఆ ఉప్పు సంగతి పక్కన పెడదాం. ఫోను ఆటల సమీక్ష ఏది తీసుకున్నా మొదటి సగం పొగడ్త. తుపాకీ ఏ సంవత్సరపు మోడలో సరిగ్గా చూపించారు, టాంకు గొలుసుకి అంటిన బురద రంగు అచ్చు తూర్పు రంగపు బురదే, హెల్మెట్ అంచు వంపు అదిరింది, కనుక ఇది నిజం యుద్ధంలాగే ఉంది, దీనివల్ల మాకు వ్యూహరచన అబ్బింది. రెండో సగం శాపనార్థాలు. పద్నాలుగో లెవెల్లో శత్రువు వెనక నుంచి వచ్చాడు, ఇది అన్యాయం. విమానాలు చెప్పాపెట్టకుండా వచ్చాయి, ఇది మోసం. కష్టపడి కట్టుకున్న బురుజు ఒక్క గుండుకే కూలింది, ఇది తయారీదారుల చేతకానితనం. గుండు గురి తప్పడమేమిటి, మేం డబ్బులు పెట్టి కొన్న గుండు! ఒకటే స్టారు. నా వాదన చిన్నది. ఈ రెండు సగాలూ తలకిందులుగా ఉన్నాయి. వాస్తవికతని వాళ్లు పొగిడిన చోట ఉన్నది పెయింటు. అన్యాయమని తిట్టిన చోటే ఆ ఆట పొరపాటున ఓ క్షణంపాటు యుద్ధంలా ప్రవర్తించింది.

సాక్ష్యం మన దేశంలోనే ఉంది. బురుజుల ఆట కాదుగానీ, అదే బళ్లో పక్క బెంచీ. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీని నిషేధించారు. రెండు రోజులు తిరక్కుండానే ‘ఫౌజీ’ అనే స్వదేశీ ఆట వస్తోందని చాటింపు వేశారు. 2021 రిపబ్లిక్ దినోత్సవం నాడు అది వచ్చింది. తొలి కథ గల్వాన్ లోయ. జనం ఎగబడి దించుకున్నారు, ఎగబడి స్టార్లు ఇచ్చారు, ఆడి చూశాక ఎగబడి స్టార్లు వెనక్కి లాక్కున్నారు. బొమ్మలు నాసిగా ఉన్నాయని, స్నేహితులతో కలిసి ఆడే వీలు లేదని వాళ్లు అన్న మాట నిజమే, తప్పు పట్టను. అయితే వాటితోపాటు వరసగా వినిపించిన ఇంకో ఫిర్యాదుంది: ఇదేం యుద్ధం, తుపాకుల్లేవు! పిడిగుద్దులు, దుడ్డుకర్రలేనా? అయ్యా, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో జరిగింది అదే. ముఖాముఖి తలపడినప్పుడు తుపాకులు పేల్చకూడదని చైనాతో ఒప్పందాలు 1996 నుంచి, 2005 నుంచి ఉన్నాయి. ఆ చీకట్లో, ఆ చలిలో రాళ్లతోనూ కర్రలతోనూ కొట్టుకున్నారు. ఇరవైమంది మన సైనికులు పోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ వార్త వచ్చిన రోజు ప్రతి ఫోనులోనూ ఆయన ఫొటోనే. ఏడు నెలలు గడిచేసరికి అదే ఫోనులో, ఆ రాత్రి ఎలా జరిగిందో కాస్తో కూస్తో అలాగే చూపించినందుకు స్టార్లు కోసేశారు. ఆ ఆటలో ఎన్ని లోపాలున్నా ఉండనీండి, నిజానికి దగ్గరగా వెళ్లిన ఆ ఒక్క అంశానికీ మార్కులు పోవడం మాత్రం చెప్పుకోదగ్గ విశేషం.

ఇక వ్యూహరచన. బురుజుల ఆట ఆడేవాడికి కోనసీమ పటం చూపించండి, లొట్టలు వేస్తాడు. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. లోపలికి రావాలంటే వంతెనలే గతి. రావులపాలెం దగ్గర రెండు ఫిరంగులు, యెదుర్లంక దగ్గర ఒకటి, చించినాడ దగ్గర ఇంకొకటి, బోడసకుర్రు దగ్గర మిగిలిన చిల్లరతో ఓ మెషిన్‌గన్ను. అయిపోయింది, ఇక కాళ్లు బారజాపుకుని పూతరేకులు తినొచ్చు. ఫ్రాన్సువాళ్లూ సరిగ్గా ఇలాగే అనుకున్నారు. జర్మనీ సరిహద్దు పొడవునా మాజినో రేఖ అని కాంక్రీటు బురుజులు కట్టారు. 1940 మే నెలలో జర్మన్ టాంకులు ఆ బురుజుల మీదికి రాకుండా, టాంకులు రావని అందరూ తీర్మానించుకున్న ఆర్డెన్స్ అడవుల్లోంచి వచ్చాయి. జూన్ 14కి పారిస్‌లో ఉన్నాయి. అంత దూరం ఎందుకు, గోదావరి అవతలి ఒడ్డున కాకినాడ లేదూ! 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. వంతెన ఎక్కడుందని అడగలేదు. ఇంకా వెనక్కి పోతే బొబ్బిలి. 1757 జనవరి 24న నాలుగు మూలలా బురుజులున్న కోటలో వీరులున్నారు, బయట బుస్సీ ఫిరంగులున్నాయి. సాయంత్రానికి కోట లోపల ఏం మిగిలిందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. బొబ్బిలి కథ విని మన పెద్దలు కళ్లు తుడుచుకున్నారేగానీ, బురుజులు సరైన చోట పెట్టలేదని ఎవరూ రేటింగు ఇవ్వలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావడం న్యాయం. ఆటను ఆటగా చూడరాదా, చదరంగంలో ఏనుగు తిన్నగా నడుస్తుందని ఎవరైనా గోల పెట్టారా? అదే నేనూ అంటున్నది. మన అరుగుల మీద గీసుకున్న పులి-మేక కన్నా మంచి వ్యూహపు ఆట ఏముంది? పులికి దారులు మూసుకుంటూ రావడమే మేకల పని, అదీ బురుజుల ఆటే. తరతరాలు ఆడారు. పులి చారలు సహజంగా లేవని గానీ, దీనివల్ల మాకు వేట వచ్చేసిందని గానీ ఒక్క ముసలాయనా అనలేదు. కాలక్షేపం కాలక్షేపమే అన్న వినయం వాళ్లకుంది. యుద్ధంలా ఉందన్న సర్టిఫికెట్ ఇవ్వనంత కాలం ఎవరినీ యుద్ధంతో పోల్చి అడగాల్సిన పని లేదు. సర్టిఫికెట్ ఇచ్చాక మాత్రం సంతకం ఎవరిదని అడుగుతాం.

దీనికన్నా గట్టి ఆక్షేపణ ఇంకోటుంది. సైన్యాలే ఆటలాడి నేర్చుకుంటాయి కదా? నేర్చుకుంటాయి. 1824లో రైస్విట్స్ అనే ప్రష్యా లెఫ్టినెంటు పటాల మీద సీసపు బిళ్లలతో యుద్ధపు ఆట తయారుచేసి తమ అధికారుల ముందు పెట్టాడు. అందులో ఉన్నవేమిటో చూడండి. మధ్యలో ఒక తీర్పరి కూర్చుంటాడు. ఎదుటివాడి దళం నీ కంటికి కనిపించే దూరంలో లేకపోతే ఆ బిళ్లను పటం మీద పెట్టడు. ఎంతమంది పడిపోయారన్నది పాచికలు తేలుస్తాయి, కనుక గురి తప్పుతుంది. నీ ఉత్తర్వు దళానికి చేరడానికి గుర్రపురౌతు వెళ్లేంత సమయం పడుతుంది. శత్రువు కనబడడు, గుండు తగలదు, మాట చేరదు. మన సమీక్షకులు ఒక స్టారుకి దించేసే లోపాలన్నీ ఏరికోరి ఒకచోట చేర్చి, దాన్ని పాఠం అన్నారు ప్రష్యావాళ్లు. ఆ ఆట ఇవాళ యాప్‌గా వస్తే మనవాళ్ల చేతుల్లో దాని గతి ఏమవుతుందో ఊహించుకోండి.

అన్నిటికన్నా విచిత్రం, ఈ ఆటల్లో శత్రువు నడిచే దారి పక్కన ఒక్క ఇల్లూ ఉండదు. ఉన్నా బొమ్మకి ఉంటుంది, తలుపు తీసుకుని ఎవరూ బయటికి రారు. ఏ సమీక్షకుడూ ఇది లోటని రాయడు. తుపాకీ మీద నెంబరు తప్పు పడితే మాత్రం మూడు పేరాలు. యుద్ధమంటే ఏమిటో కోనసీమకు ఆ దారి పక్క ఇళ్లవైపు నుంచే తెలుసు. రాజోలు నుంచి కువైట్‌కి పనికి వెళ్లినవాళ్లు ఒక తరం కాదు, రెండు తరాలు. 1990 ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడ వంటిళ్లలో, డ్రైవరు సీట్లలో మనవాళ్లున్నారు. ఆ ఏడాది లక్షా డెబ్భైవేలకు పైగా భారతీయుల్ని విమానాల్లో వెనక్కి తెచ్చారు. చాలామంది ముందు ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా చేరుకుంటే తప్ప ఆ విమానం దొరకలేదు. ఇక్కడ తులసికోట దగ్గర దీపం పెట్టి ఉత్తరం కోసం ఎదురుచూసిన ఇల్లు ఏ లెవెల్లో వస్తుంది? ఆటలకు అది చేతకాదనడానికీ లేదు. 2014లో పోలండ్‌వాళ్లు ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ అని ఒకటి తెచ్చారు, సరయేవో ముట్టడి చూసి అల్లింది. అందులో నువ్వు సైనికుడివి కాదు, కూలిన ఇంట్లో మందుబిళ్ల కోసం వెతుక్కునే మామూలు మనిషివి. దాన్ని మెచ్చుకున్నవాళ్లూ ఆటగాళ్లే. కాబట్టి తయారుచేసేవాళ్లకు చేతకాక కాదు, మెచ్చుకునేవాళ్లకు తెలియకా కాదు. బురుజు దగ్గరికొచ్చేసరికే ఆ తెలివి ఎటు పోతుందో!

బురుజుల ఆట అసలు రూపం చూడాలన్న సరదా ఉన్నవాళ్లకు ఫోనక్కర్లేదు. ఏటా జూలై, ఆగస్టుల్లో ఏటిగట్టు ఎక్కితే చాలు. ఆటలో వేవ్ వన్, వేవ్ టూ అంటారే, ఇక్కడ ధవళేశ్వరం బ్యారేజీ నుంచి హెచ్చరికలు వస్తాయి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆటలో శత్రువు బురుజుల మధ్య నుంచి జారిపోతే దాన్ని లీక్ అంటారు. రెండు లీకులు పోతే పోనీ, డబ్బు దాచుకుని పెద్ద ఫిరంగి కొందాం అని అనుభవజ్ఞులు సలహా ఇస్తుంటారు. ఏటిగట్టు మీదా లీక్ అనే మాటే. అది ఎలుక బొరియలోంచో పీత బొరియలోంచో వస్తుంది, గట్టుకి ఊరివైపు వాలులో, గడ్డి మొదట్లో, చెంబుడు నీళ్లుగా. మొదట తేటగా వస్తుంది. నీళ్లలో మట్టి రంగు కనబడిందంటే గట్టు లోపలి నుంచి కరిగిపోతోందన్నమాట. అప్పుడు ఖాళీ ఎరువుల సంచుల్లో ఇసుక నింపి, మూతి పురికొసతో బిగించి, ఆ ఊట చుట్టూ ఉంగరంలా పేర్చుకుంటూ పోతారు. సరుగుడు కర్రలు దిగేస్తారు. బ్యాటరీ లైటు పట్టుకుని తెల్లవార్లూ ఒకరి వెనక ఒకరు గట్టు మీద నడుస్తారు. ఒక్క లీకుని పోతే పోనీ అనుకుంటే పొద్దున్నకి అది గండి. ఇంతా చేసి గట్టుకి ఏటివైపున ఉన్న లంకల్ని ఆ గట్టు కాపాడదు. అక్కడివాళ్లు వంటసామాను నెత్తిన పెట్టుకుని, గేదెల్ని తోలుకుని, పడవ మీద గట్టెక్కాల్సిందే. ఆ లంకలు ఏ స్కోరులోకీ రావు.

మన సమీక్షకుడు దీన్ని ఆడి ఉంటే ఏం రాసేవాడో తేలిగ్గానే చెప్పొచ్చు. బొమ్మలు అద్భుతం, బురద రంగు అచ్చు గోదావరే, నీటి కదలిక కేక. కానీ కష్టం మరీ ఎక్కువ. 1986 ఆగస్టు లెవెల్లో ఏకంగా 35 లక్షల క్యూసెక్కులు వదిలారు, బ్యాలెన్సే లేదు. 2022లో జూలైలోనే 25 లక్షలు దాటించారు, తయారవడానికి టైమివ్వాలి కదా. రీస్టార్ట్ బటన్ లేదు. శత్రువు గీసిన దారిన రావడం లేదు. ఒకటే స్టారు, డెవలపర్లు వెంటనే స్పందించాలి. స్పందిస్తారు, ఆయ్, స్పందించకపోవడం ఏముంది. ధవళేశ్వరం నుంచి మైకులో వస్తుంది జవాబు: మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయింది, లంకవాసులు వెంటనే గట్టెక్కాలి.