ఏమీ తెలియని లెన్సు

సోనీ కెమెరాకు సోనీ లెన్సే తగిలించాలని సోనీ కోరుకోవడంలో వింతేమీ లేదు. చాలా కంపెనీలు తమ మౌంటును, అంటే లెన్సు బిగించే చోటును, తమకు నచ్చిన కొలతలో చేసుకుని, సంబంధాలన్నీ మనవాళ్లలోనే కలుపుకోవాలని కట్టుబాటు పెట్టుకున్నాయి. అయినా లోకంలో ఒక తెగ ఉంది. వీళ్లు లక్ష పైన పోసి కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొంటారు. దాని ముందు సోవియట్ కాలపు లెన్సు ఒకటి బిగించి, ఫోకస్ చేత్తో తిప్పుకుంటూ, ఎదుటివాడి నవ్వు ముఖం మీదే ఎండిపోయేదాకా నిలబెడతారు. ఎందుకయ్యా ఇదంతా అంటే చవకంటారు, అందమంటారు, పాతవాటి పనితనమే వేరంటారు. ఈ వాదనలు గట్టిగా నిలిచేవి కావు. నిలిచే వాదన ఇంకొకటుంది: ఏమీ తెలియని లెన్సు ఏ ఇంట్లోనైనా సర్దుకుపోతుంది, అన్నీ తెలిసిన లెన్సు పుట్టింటి గడప దాటితే నోరు విప్పదు.

సంగతంతా కొన్ని మిల్లీమీటర్లలో ఉంది. మౌంటు నుంచి ఫిల్ము దాకా ఉండే దూరం నికాన్ ఎఫ్‌కు 46.5 మిల్లీమీటర్లు, మర తిప్పి బిగించే ఎం42కు 45.46, కానన్ ఈఎఫ్‌కు 44, అంతకు ముందరి కానన్ ఎఫ్‌డీకి 42. ఆ కెమెరాల లోపల అద్దం పైకి లేచి కిందికి దిగాలి కాబట్టి అంత చోటు వదలక తప్పేది కాదు. 2008లో పానసోనిక్ జీ1 ఆ అద్దాన్ని తీసి పక్కన పెట్టింది. 2010లో వచ్చిన సోనీ ‘ఈ’ మౌంటుకు ఆ దూరం 18 మిల్లీమీటర్లే. నికాన్ లెన్సును దీనికి పెట్టాలంటే మధ్యలో మిగిలేది 28.5 మిల్లీమీటర్ల గాలి. ఆ గాలి చుట్టూ లోహపు గొట్టం కట్టి అమ్మితే దాన్ని అడాప్టర్ అంటారు. అందులో గాజు లేదు, తీగ లేదు, చిప్పు లేదు. ఖాళీని ఇంత కచ్చితంగా కొలిచి అమ్మే వ్యాపారం మరొకటి ఉందనుకోను. చవక గొట్టాల్లో ఆ ఖాళీ కూడా సరిగ్గా ఉండదు, అది వేరే కథ.

ఇక అసలు సాక్ష్యం. 1987లో కానన్ ఈఓఎస్ కెమెరాలతో పాటు ఈఎఫ్ మౌంటు తెచ్చింది. 1971 నుంచి అమ్మిన ఎఫ్‌డీ లెన్సులకు ఆ కొత్త ఇంట్లో చోటు లేకపోయింది. 42 మిల్లీమీటర్ల దూరానికి చేసిన లెన్సును 44 దగ్గర పెడితే దూరంగా ఉన్న కొండ ఫోకస్‌లోకి రాదు. మధ్యలో ఇంకో గాజు పెడితే తప్ప దారి లేదు. కన్న కంపెనీ కాదన్న ఆ లెన్సులు ఇరవై మూడేళ్ల తర్వాత సోనీకి తగిలించే గొట్టం ఎక్కి మళ్లీ కొండల్ని చూశాయి. మరి వాటి స్థానంలో వచ్చిన ఈఎఫ్ లెన్సును అదే రకం ఖాళీ గొట్టంతో పెట్టి చూడండి. దాని అపర్చర్, అంటే వెలుతురు వచ్చే కన్నం, కరెంటు మీద నడుస్తుంది కాబట్టి తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉంటుంది. నేటి మిర్రర్‌లెస్ లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ కూడా మోటారుదే. కరెంటు అందకపోతే రింగు ఎంత తిప్పినా లోపలి గాజు కదలదు. ఇలాంటి లెన్సుకు కావలసింది చిప్పులున్న అడాప్టర్, దుబాసీలా. ఆ దుబాసీ ఖరీదుకు పాత లెన్సులు రెండు మూడు వస్తాయి.

చవక అన్నమాట నిజమే, మొదటి లెన్సు వరకు. సోవియట్ క్రాస్నోగోర్స్క్‌లో జెనిత్ కెమెరాల కోసం కుప్పతెప్పలుగా చేసిన హీలియోస్ 44-2 లెన్సు చవకే. కానీ ఈ తెగలో ఒక్క లెన్సుతో ఆగినవాళ్లు అరుదు. మౌంటుకో గొట్టం చొప్పున కొనుక్కుంటూ పోతే మిగిలిన డబ్బు అల్మారాలోనే కనిపిస్తుంది. అందం సంగతీ అంతే. జర్మనీ బయోటార్ లెన్సు నమూనాలో చేసిన ఈ హీలియోస్‌తో తీస్తే వెనకున్న ఆకులు సుడి తిరుగుతాయి. లెన్సు శాస్త్రం లెక్కలో అది దోషం. ఇంజనీర్లు తంటాలు పడి తీసేసిన దోషాన్ని డబ్బిచ్చి తెచ్చుకోవడం తప్పు కాదు గానీ, దాన్ని నాణ్యత అనడం మాత్రం తప్పు. పనితనం మాటకొస్తే, థోరియం కలిపిన గాజుతో చేసిన సూపర్ టకుమార్ 50 మిల్లీమీటర్ల లెన్సులు ఏళ్లు గడిచేకొద్దీ టీ రంగుకు తిరుగుతాయి. ఎండలో పెడితే చాలావరకు తేరుకుంటాయి. మన ఎండలకు దొరికిన గౌరవమైన ఉద్యోగం ఇది.

గట్టి అభ్యంతరం ఒక్కటే: ఆటోఫోకస్ ఉండదు. ఫోకస్ పీకింగ్ అంచులకు రంగు పూసి చూపిస్తుంది, పెద్దది చేసి చూసుకోవచ్చు, అయినా పరుగెత్తే పిల్లవాడికి ఈ సౌకర్యాలు అక్కర్లేదు. పెళ్లి ఫొటోలకు ఇలాంటి లెన్సు తీసుకెళ్లేవాణ్ని పిలవకండి. మూడుముళ్లు మళ్లీ వేయించలేం. కెమెరాకు ఈ లెన్సు కనబడకపోవడం మాత్రం పెద్ద చిక్కు కాదు. ముందు షట్టరే కొట్టనంటుంది. మెనూలో లెన్సు లేకపోయినా కొట్టమని చెప్పాలి, హీలియోస్ అయితే వణుకు తగ్గించే సౌకర్యానికి ఇది 58 మిల్లీమీటర్లని వేలితో నొక్కి చెప్పాలి. కళ్లెదుట ఉన్నదాన్ని లేదని ఒప్పుకున్నాకే పని జరగడం మన ఆఫీసుల్లో అలవాటైనవాళ్లకు ఇది కొత్త కాదు.

కాబట్టి కొనండి, కానీ చేత్తో తిప్పే అపర్చర్ రింగు ఉన్నదే కొనండి. డబ్బిచ్చే ముందు మొబైల్ టార్చి వెనక నుంచి వేసి గాజులోకి చూడండి. సన్నటి తీగల్లా బూజు కనిపిస్తే, ముఖ్యంగా మీది విశాఖో కాకినాడో అయితే, ఎంత తక్కువకిచ్చినా వద్దనండి.