నిద్రపోనివ్వని తెలివి

నేను చేసిన తెలివితక్కువ పని చూడటానికి చాలా చిన్నది. వర్చువల్ మెషిన్ల కెర్నల్ కమాండ్ లైన్ చివర ఐడిల్=పోల్ అన్న ఒక్క మాట చేర్చాను. ఆ మాట మా టెంప్లేట్‌లోకి ఎక్కింది, అక్కణ్ణుంచి మేం కొత్తగా లేపిన ప్రతి వీఎంలోకీ వెళ్ళింది. దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో నేను అప్పుడు ఆలోచించలేదు. నాలాంటి వాళ్ళు ఆ దారిన ఇంకా చాలామంది నడుస్తారని తెలుసు గనుక ఇది రాస్తున్నాను.

మొదట ఎదురైన సమస్య మాత్రం నిజమైనదే. మా సర్వీసు ఒకటి చిన్న చిన్న రిక్వెస్టులకు జవాబిచ్చేది. ట్రాఫిక్ ఎక్కువగా ఉన్న పగటిపూట చకచకా నడిచేది. జనం పలచబడ్డ వేళల్లో మాత్రం ఒక్కో జవాబుకూ పట్టే సమయం పెరిగేది. పని తగ్గినకొద్దీ మెషిన్ నెమ్మదించడం ఏమిటో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. అదే ప్రోగ్రామ్‌ను నేరుగా ఒక సర్వర్ మీద నడిపితే ఆ తేడా చాలా తక్కువ. వీఎంలో పెడితే కళ్ళకు కట్టినట్టు కనబడేది.

కారణం నిద్రలో ఉంది. ప్రాసెసర్‌కు పని లేనప్పుడు కెర్నల్ దాని చేత హాల్ట్ అనే ఇన్‌స్ట్రక్షన్‌ను అమలు చేయిస్తుంది. 1978 నాటి 8086 చిప్‌లో కూడా ఉన్న ఇన్‌స్ట్రక్షనే అది. ఇంటరప్ట్ వచ్చేదాకా ప్రాసెసర్ ఆగిపోతుంది, రాగానే లేస్తుంది. వీఎంలో కథ ఇంత సూటిగా ఉండదు. గెస్ట్, అంటే వీఎం లోపలి కెర్నల్, హాల్ట్ అనగానే పగ్గాలు హోస్ట్‌లోని, అంటే వీఎంలను మోసే అసలు మెషిన్‌లోని, కేవీఎం అనే హైపర్‌వైజర్ చేతికి వెళతాయి. కేవీఎం ఆ వర్చువల్ సీపీయూ తాలూకు థ్రెడ్‌ను పడుకోబెడుతుంది. హోస్ట్ కోర్‌కు వేరే పని ఉంటే అటు తిరుగుతుంది, లేదంటే తానూ సీ-స్టేట్ అనే నిద్రలోకి జారుతుంది. ఆ నిద్రలో మెట్లున్నాయి. ఇంటెల్ స్కైలేక్ సర్వర్ చిప్‌ల కోసం లినక్స్ వాడే పట్టికలో సీ1 నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, సీ1ఈ నుంచి 10, లోతైన సీ6 నుంచి 133 అని ఉంటుంది.

ఇప్పుడు ఒక రిక్వెస్ట్ వచ్చిందనుకోండి. ముందు హోస్ట్ కోర్ లేవాలి. తర్వాత షెడ్యూలర్ మా థ్రెడ్‌కు వంతు ఇవ్వాలి. కేవీఎం గెస్ట్‌లోకి తిరిగి ప్రవేశించి ఇంటరప్ట్ అందించాలి. అప్పుడు గెస్ట్ కెర్నల్ తన షెడ్యూలర్‌తో మా ప్రోగ్రామ్‌ను లేపాలి. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. పైగా మా ప్రోగ్రామ్‌లో ఒక్కో రిక్వెస్ట్ అనేక థ్రెడ్ల చేతులు మారేది. ఒక వర్చువల్ సీపీయూ మీది థ్రెడ్ ఇంకోదాని మీది థ్రెడ్‌ను లేపాల్సిన ప్రతిసారీ ఈ తతంగం మళ్ళీ మొదటి నుంచి జరిగేది. పగలు ట్రాఫిక్ హోరులో ఎవరికీ నిద్రపోయే తీరిక ఉండేది కాదు, అందుకే జవాబులు వేగంగా వచ్చేవి. ఇదంతా తెలుసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం నిజమైనది. దాన్ని నేను ఇప్పటికీ తక్కువ చేయను.

తప్పు ఆ తర్వాతి అడుగులో ఉంది. ఐడిల్=పోల్ పెడితే గెస్ట్ హాల్ట్ అననే అనదు. పని లేకపోయినా ఒక చిన్న లూప్‌లో తిరుగుతూ, పని వచ్చిందా అని మెమరీలోని ఒక గుర్తును చూస్తూ ఉంటుంది. ఇంకో సీపీయూ దాన్ని లేపడానికి ఇంటరప్ట్ పంపనక్కర్లేదు, ఆ గుర్తు మార్చితే చాలు. పెట్టి చూశాను. జాప్యం నిజంగానే పడిపోయింది. గ్రాఫ్ చూపించి అందరి చేతా మెచ్చుకోలు అందుకున్నాను. కొలిచినది రాత్రిపూట. ఆ వేళ హోస్ట్‌లో మా పొరుగు వీఎంలు దాదాపు ఖాళీగా ఉన్నాయి. అంటే కోర్లన్నీ నా ఒక్కడివే అయిన వేళ కొలిచి, అందరూ పంచుకునే వేళకు ఆ అంకెలనే వర్తింపజేశాను.

మా హోస్ట్‌లలో ఉన్న కోర్ల కంటే వాటి మీద పంచిన వర్చువల్ సీపీయూలు ఎక్కువ. అందరికీ ఒకేసారి పని పడదన్న నమ్మకం మీదే ఆ ఏర్పాటు నిలబడుతుంది. నా మార్పు ఆ నమ్మకాన్నే దెబ్బతీసింది. నిద్రపోని వర్చువల్ సీపీయూ హోస్ట్‌కు ఎప్పుడూ పనిలో ఉన్నట్టే కనబడుతుంది. నిజంగా లెక్కలు చేస్తున్న థ్రెడ్డేదో, ఊరికే గుండ్రంగా తిరుగుతున్న థ్రెడ్డేదో హోస్ట్ షెడ్యూలర్‌కు తెలిసే దారి లేదు. అది రెండింటికీ సమానంగా వంతులు వేసింది. పక్క వీఎంలలో స్టీల్ టైమ్ పెరిగింది. తమకు పని ఉండి కూడా కోర్ దొరక్క ఆ వీఎంలు ఎదురుచూసిన సమయం అది. హైపర్‌థ్రెడింగ్ వల్ల ఒకే కోర్‌ను పంచుకునే జంట థ్రెడ్‌కు కూడా నా లూప్ అడ్డం పడింది. పక్క కోర్లు నిద్రలో ఉంటే పనిచేసే కోర్‌కు టర్బో వేగం ఎక్కువగా దొరుకుతుంది, ఆ అవకాశమూ కొంత పోయింది.

ఒక రోజు హోస్ట్‌లు చూసుకునే పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "ఏం బాబూ, మీ మెషిన్లు రాత్రీ పగలూ ఏం లెక్కలు కడుతున్నాయి?" అని అడిగారు. నేను నా వీఎంలో టాప్ కమాండ్ తెరిచి చూపించాను. సీపీయూ దాదాపు పూర్తిగా ఖాళీ అని ఉంది. "మా వైపు ఏమీ లేదండీ, మీ హోస్టుల్లోనే చూసుకోండి" అన్నాను. ఆ మాట అన్న తీరు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. గెస్ట్ లోపలి లెక్కలో ఆ లూప్ ఐడిల్ కిందికే వస్తుంది. అదే సమయంలో హోస్ట్ మీద మా వీఎం థ్రెడ్లు నూటికి నూరు శాతం కోర్‌ను తింటున్నాయి. ఆయన తెరలో ఉన్నదే నిజం. నా తెర చూపించిందల్లా నా అజ్ఞానాన్ని.

నన్ను ఇంకా ఎక్కువ బాధించిన సంగతి ఒకటుంది. పొరుగువాళ్ళను ఇబ్బంది పెట్టి నేనైనా బాగుపడ్డానా అంటే, అదీ లేదు. లినక్స్ షెడ్యూలర్ నిద్రపోయి లేచిన థ్రెడ్‌కు సాధారణంగా త్వరగా వంతు ఇస్తుంది. ఎప్పుడూ తిరుగుతూనే ఉన్న నా థ్రెడ్లు తమ వాటాను ఊరికే ఖర్చుపెట్టుకుని, సరిగ్గా రిక్వెస్ట్ వచ్చిన క్షణంలో పక్కకు తప్పుకోవాల్సి వచ్చేది. మైక్రోసెకన్లు మిగుల్చుకోవాలనుకుంటే పట్టపగలు మిల్లీసెకన్లు పోయాయి. సగటు అంకెలో ఇది సరిగ్గా కనబడలేదు. నూటికి ఒకటిగా వచ్చే అతి నెమ్మది జవాబులను విడిగా చూసినప్పుడు గానీ తెలియలేదు.

హెచ్చరిక నా ఎదుటే ఉంది. కెర్నల్ పారామీటర్ల పత్రంలో ఐడిల్=పోల్ గురించి రాసిన చోట, ఇది లేచే వేగాన్ని కాస్త పెంచుతుందనీ, చాలా విద్యుత్తు తాగి మెషిన్‌ను వేడెక్కిస్తుందనీ, సిఫారసు చేయబోమనీ ఉంటుంది. నేను మొదటి సగం చదివి ఆపేశాను.

నాకు కావలసింది అప్పటికే తయారై ఉంది. 2015లో పావ్‌లో బోన్జీనీ కేవీఎంలో హాల్ట్ పోలింగ్‌ను చేర్చారు. గెస్ట్ హాల్ట్ అన్న వెంటనే దాని థ్రెడ్‌ను పడుకోబెట్టకుండా హోస్ట్ కాసేపు వేచి చూస్తుంది. రోడ్డు పక్క టీ కొట్టువాడు ఒక గిరాకీ వెళ్ళగానే పొయ్యి ఆర్పేయడు. కాసేపు మంట తగ్గించి ఉంచి, ఎవరూ రాకపోతేనే ఆర్పుతాడు. ఇదీ అలాంటిదే. ఎక్స్86 మీద డిఫాల్ట్ హద్దు 200 మైక్రోసెకన్లు. అదే ఏడాది వచ్చిన మార్పులతో ఆ వేచిచూసే వ్యవధి 10 మైక్రోసెకన్ల నుంచి మొదలై, ఫలితాన్ని బట్టి రెట్టింపవుతూ, పనికిరాదని తేలితే తగ్గుతూ ఉండే ఏర్పాటు కుదిరింది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది మాత్రం అందులోని ఒక చిన్న షరతు. ఆ కోర్ కోసం ఇంకెవరైనా కాచుకుని ఉంటే హోస్ట్ వెంటనే పోలింగ్ ఆపేస్తుంది. పొరుగువాడికి పని ఉందో లేదో కనబడేది హోస్ట్‌కే. గెస్ట్ లోపల కూర్చున్న నాకు అది ఎన్నటికీ కనబడదు. ఆ నిర్ణయాన్ని నేను లాక్కోవడమే నా మూర్ఖత్వం.

గెస్ట్ వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. మార్సెలో తొసాత్తి రాసిన హాల్ట్‌పోల్ డ్రైవర్ 2019లో లినక్స్ 5.4తో వచ్చింది. గెస్ట్ గరిష్ఠంగా 200 మైక్రోసెకన్లే తిరిగి, పని రాకపోతే హాల్ట్ అంటుంది. నేను ఎలాగూ చూస్తున్నాను గనుక నువ్వు మళ్ళీ కాచుకోనక్కర్లేదని హోస్ట్‌కు ముందే చెబుతుంది. ఇక కోర్లు పూర్తిగా ఒకే వీఎంకు కట్టేసి ఇచ్చిన చోట, 2018లో వచ్చిన 4.17 నుంచి హాల్ట్‌నూ, ఎంవెయిట్ అనే మరో నిద్ర ఇన్‌స్ట్రక్షన్‌నూ గెస్ట్ నేరుగా చిప్ మీదే అమలు చేసుకునే వీలుంది. హోస్ట్ మధ్యలోకి రానే రాదు. కేవీఎంతో కలిసి వీఎంలను నడిపే క్యూఈఎంయూలో సీపీయూ-పీఎం అన్న ఆప్షన్ దీనికే.

పెద్దాయనకు క్షమాపణ చెప్పి టెంప్లేట్ నుంచి ఆ మాట తీసేశాను. మామూలు వీఎంలకు హాల్ట్‌పోల్ పెట్టాం. నిజంగా అవసరమున్న కొద్ది మెషిన్లకు ఆయన ఒప్పుకుని విడిగా కోర్లు కేటాయించారు. మా ప్రోగ్రామ్‌లో ఒక్కో రిక్వెస్ట్ మారే చేతులు తగ్గించాను. అన్నిటికంటే ఎక్కువ లాభం దానితోనే వచ్చింది, మొదట చేయాల్సిందీ అదే.

మీరు నడిపే వీఎంలలో ప్రాక్ డైరెక్టరీలోని సీఎండీలైన్ ఫైల్‌ను ఒకసారి తెరిచి చూడండి. అందులో ఐడిల్=పోల్ కనబడితే, ఆ కోర్లు మీ ఒక్కరివేనని హోస్ట్ చూసుకునేవాళ్ళు స్పష్టంగా చెప్పేదాకా దయచేసి దాన్ని ఉంచకండి.