గుండు నాది, గురి కొయ్యది

నన్ను చేతికి తీసుకున్నవాళ్ల కళ్లు ముందు గొట్టం మీదికే పోతాయి. గుండు ఎంత లావు, ఎంత దూరం పోతుంది అని అడుగుతారు. నా వెనకున్న కొయ్య సంగతి ఎవరికీ పట్టదు. నా ఉక్కు పుట్టినప్పటిదే. కొయ్యలు మాత్రం నాలుగు మారాయి. వేట మారినప్పుడల్లా కొయ్య మారింది కాబట్టి, నా కథ చెప్పాలంటే వాటి కథే చెప్పాలి.

నేను జర్మన్ సైన్యం 1935లో చేపట్టిన కే98కే మౌజర్‌ని. గుండు 7.92 మిల్లీమీటర్లు, గొట్టం 60 సెంటీమీటర్లు, బరువు దాదాపు 4 కిలోలు. నా మొదటి కొయ్యను బీచ్ చెక్క పలుచని పొరలు జిగురుతో అంటించి, నొక్కి చేశారు. అలా అతికించిన చెక్క తడికి ఓ పట్టాన వంకర పోదు. మూతికి కాస్త ఇవతలిదాకా ఒళ్లంతా కొయ్యే, చివర బాయొనెట్ తగిలించే చోటు. సైనికుడు దానితో గురి పెట్టేవాడు, శత్రువు మీదికొస్తే దాని మడమతోనే బాదేవాడు.

1945లో ఒక అమెరికన్ సైనికుడు యుద్ధం గుర్తుగా నన్ను ఇంటికి పట్టుకెళ్దామనుకున్నాడు. అతని కాన్వాసు సంచిలో నేను పట్టలేదు. ముందున్న ఇనుప పట్టీ జరిపి, పైకి కనపడకుండా దాని కింద కొయ్యను రంపంతో కోసేశాడు. ఆ రోజుల్లో చాలామంది ఇదే పని చేశారు. ఆ కోతకు సంచి పేరు మీదే డఫుల్ కట్ అని పేరు పడింది. నా ఒంటి మీద మొదటి రంపపు గాటు అది.

పెన్సిల్వేనియాలో అతను వేటాడేది హెమ్లాక్ చెట్లు, లారెల్ పొదలు అల్లుకున్న అడవి. తెల్లతోక జింక కనపడితే యాభై, అరవై గజాల్లో కనపడుతుంది, రెండు అంగలేస్తే మాయమవుతుంది. అక్కడ మిలిటరీ కొయ్య ఎత్తేలోపు జింక ఉండదు. కోసిన కొయ్యను పక్కన పడేసి, వాల్‌నట్ దుంగ తెచ్చి తనే కొత్తది చెక్కాడు. ముందు భాగం అరచేతిలో ఇమిడేంత సన్నం. చెంప ఆనే గట్టు కాస్త కిందికి, ఎందుకంటే గొట్టం మీది ఇనుప సైట్లు అంత కిందే ఉంటాయి. ట్రిగ్గర్ నుంచి మడమ దాకా పదమూడున్నర అంగుళాలు, అదీ చలికోటు తొడుక్కుని చూసుకున్న కొలత. ఒంటి మీద చొక్కాతో కొలిస్తే నవంబరులో మడమ కోటు చంకలో తట్టుకుంటుంది.

కొలత కుదిరిందో లేదో అతను చూసుకునే పద్ధతి ఒకటుంది. కళ్లు మూసుకుని నన్ను భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరిచేవాడు. రెండు సైట్లూ ఒకే గీతలో కనపడితే కుదిరినట్టు. లేకపోతే మళ్లీ ఆకురాయి పట్టేవాడు. ఎద్దు మెడ చూసి కాడి చెక్కే వడ్రంగిలాంటి మనిషి.

అతని అలమరలో నాకు ఇద్దరు ఇరుగుపొరుగులుండేవారు. ఒకటి 1894 మోడల్ వించెస్టర్. దాని పిడికి వంపు లేదు, తిన్నగా, ఒళ్లంతా చదునుగా ఉండేది. గుర్రం జీను పక్కనున్న తోలు ఒరలోకి జారాలన్నా, లివరు చకచకా ఆడాలన్నా అలాగే ఉండాలి. ఇంకొకటి ఆస్ట్రియా నుంచి వచ్చిన 1903 మోడల్ మాన్లిచర్-షోనౌయర్. గొట్టం 45 సెంటీమీటర్లే, మూతిదాకా కొయ్య. కొండ ఎక్కేవాడు వీపున వేసుకుంటే కొమ్మలకు తగలదు, గొట్టానికి రాయి గీసుకోదు. ఎవరి నడకకు తగ్గ చెప్పులు వాళ్లవి.

అతని కొడుకు వయోమింగ్‌లో స్థిరపడి నన్ను అడిగి తీసుకున్నాడు. అక్కడ చెట్టు లేదు, పుట్ట లేదు. జింకల్లాంటి ప్రాంగ్‌హార్న్‌లు మనిషిని మైలు దూరంలోనే పసిగడతాయి. దూరపు గురి కోసం నా మీద స్కోప్ బిగించాడు, పాత వాల్‌నట్ మార్చలేదు. స్కోప్ ఎత్తున ఉంది, గట్టు కింద ఉంది. కన్ను పైకి తేవాలంటే చెంప కొయ్యను వదలాలి. ఆధారం లేని చెంప ప్రతిసారీ ఒకచోట నిలవదు. మొదటి సీజనంతా గుళ్లు దుమ్ము లేపాయి. తప్పు స్కోప్‌దన్నాడు, తూటాలదన్నాడు, చివరికి నాదన్నాడు.

1945లో వెదర్‌బీ కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన రైఫిళ్లతో పేరు పడిన ఫ్యాషను అప్పటికి ఊరూరా ఉంది. అదే మాంటీ కార్లో కొయ్య. కొడుకు నాకు అది వేయించి, పాత వాల్‌నట్‌ను తండ్రికి పంపేశాడు. చెంప దగ్గర గట్టు మూపురంలా లేచి, ముందుకు వచ్చేకొద్దీ వాలుతుంది. చెంప ఆనించగానే కన్ను స్కోప్‌కు ఎదురుగా ఉంటుంది. నేను తన్నినప్పుడు వాలు గట్టు చెంప కింద నుంచి వెనక్కి జారిపోతుంది, దవడ అదరదు. కింది భాగం వెడల్పుగా, చదునుగా ఉంటే బోర్లా పడుకుని సంచి మీద ఆనించినప్పుడు పక్కకు దొర్లను. బరువెక్కాను నిజమే. కానీ ఆ మైదానంలో నన్ను మోసే పని తక్కువ, కదలకుండా ఉంచే పని ఎక్కువ.

తరవాత అతనికి ఎల్క్ దుప్పుల మీదికి మనసు పోయింది. కొండల మీద రోజుల తరబడి తడి మంచు. చెక్క నీరు పీల్చి ఉబ్బింది, ఒక పక్క నుంచి గొట్టాన్ని నెట్టింది. రాత్రి సరిచేసిన గురి తెల్లారేసరికి పక్కకు పోయేది. 1980లలో నన్ను ఫైబర్‌గ్లాస్ కొయ్యలో కూర్చోబెట్టాడు. ఉక్కు కూర్చునే చోట ఎపాక్సీ పోసి, గొట్టానికీ కొయ్యకూ మధ్య కాగితం దూరేంత సందు ఉంచాడు. తడికి ఉబ్బదు, ఎండకు బిగియదు, ఎక్కేవాడి వీపుకు తేలిక. తట్టితే డొల్ల డబ్బాలా మోగుతుంది, చలిలో చెంపకు మంచుగడ్డలా తగులుతుంది. దాని మీద ఎవరికీ ప్రేమ పుట్టగా చూడలేదు. గురి మాత్రం తప్పనివ్వలేదు.

ఆఖరి మార్పు పెన్సిల్వేనియాలోనే జరిగింది. కొడుకు తన కూతురితో నన్ను తండ్రి దగ్గరికి తెచ్చాడు. ఆ పిల్లకు పన్నెండేళ్లు, అక్కడ వేట లైసెన్సు వచ్చే వయసు. నన్ను ఎత్తితే మడమ భుజం దాటిపోయింది, మెడ చాచినా స్కోప్ అందలేదు.

ముసలాయన అటక మీంచి తన వాల్‌నట్ కొయ్య దించాడు. స్కోప్ తీసి పాత సైటు బిగించాడు. పిల్లకు చలికోటు తొడిగి కొలిచి, మడమ దగ్గర పెన్సిల్ గీత గీశాడు.

"ఇంత బాగా చెక్కి ఇప్పుడు కోసేస్తావా తాతా?" అంది.

"నీ చెయ్యి నాకోసం సాగదు కదమ్మా" అన్నాడు.

ఒకటిన్నర అంగుళం కోశాడు. రబ్బరు మెత్త బిగించాడు. మందు తగ్గించి నింపిన తూటాలు ఇచ్చాడు. పిల్ల కళ్లు మూసుకుంది, నన్ను ఎత్తింది, చెంప ఆనించి కళ్లు తెరిచింది. "రెండూ ఒక్క గీతలో ఉన్నాయి" అంది.

కోసిన ముక్కను ముసలాయన పారేయలేదు. తేదీ రాసి సొరుగులో పెట్టాడు. మూడేళ్లకు ఆ పిల్ల చేతులు సాగాక, అదే ముక్కను జిగురుతో మళ్లీ అతికించారు. చెక్క రంగు కలిసిపోయింది. వేలితో తడిమితే మాత్రం అతుకు ఇప్పటికీ తెలుస్తుంది.

ఒకప్పుడు సంచికి పట్టడానికి నన్ను కోసిన చెయ్యి, ఒక భుజానికి పట్టడానికి మళ్లీ కోసింది. రెండో కోత నాకు నొప్పెట్టలేదు.