అయిదు కిలోల వంకాయలు: టెండరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టెండరు గారి దివ్యసముఖమునకు,

ఈ లేఖ మంత్రులకు రాయాల్సిందని కొందరు అంటారు. మంత్రులు వస్తుంటారు, పోతుంటారు. పథకాల పేర్లూ వాళ్లతోపాటే మారుతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనం మొన్నటిదాకా జగనన్న గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. ఢిల్లీ కాగితాల్లో 2021 నుంచి పీఎం పోషణ్. పేరేదైనా పిల్లల కంచంలో పడే కోడిగుడ్డూ చిక్కీ తమరి చేతుల మీదుగానే వస్తాయి. కనుక తమరికే విన్నవించుకోవడం న్యాయం.

పెట్టిన పేరు మాత్రం బాగుంది. 1841లో పుట్టిన సీతమ్మ గారు గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, వేళకాని వేళ వచ్చిన బాటసారికీ పొయ్యి వెలిగించిన ఇల్లాలు. ఆ అన్నం ఎక్కడిది? భర్త జోగన్న గారి పొలంలోది. ఆమె కొటేషన్లు పిలవలేదు, ధరావతు కట్టించుకోలేదు.

ఇప్పటి లెక్క వేరు. ప్రాథమిక బడిలో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని నిబంధన. నూరుమంది చదివే బడికి రోజూ అయిదు కిలోల కూరగాయలు కావాలి. ఊరి చివరే వంగతోట ఉంటుంది. అయినా ఆ వంకాయలు తెల్లారకముందే ఆటో ఎక్కి మార్కెట్ యార్డుకు పోతాయి. అక్కడ కమీషను చెల్లించుకుని, టోకు వ్యాపారి బుట్టలోంచి చిల్లర కొట్టు గోతంలోకి మారి, వాడిన మొహాలతో అదే ఊరి బడికి తిరిగొస్తాయి. కాశీకి పోయి వచ్చినా అంత అలసట ఉండదు.

ఇందులో తమరి తప్పు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కూరగాయలు కొనేది వంట చేసే మహిళలు. అక్కడ రాజ్యం తమరి తమ్ముడు బిల్లు గారిది. 2025 మే నుంచి కేంద్రం లెక్క ప్రకారం వంట ఖర్చు ప్రాథమిక విద్యార్థికి రోజుకు రూ. 6.78, ప్రాథమికోన్నత విద్యార్థికి రూ. 10.17. పప్పూ కూరా నూనే కాదు, పొయ్యి కిందకు కూడా అందులోంచే రావాలి. ముందు చేతి డబ్బుతో వండాలి, తరవాత బిల్లు గారి దయ కోసం ఎదురుచూడాలి. ఆయన నెలల తరబడి దర్శనం ఇవ్వకపోవడం కొత్త వార్తేమీ కాదు. తోట రైతు చేతిలో డబ్బు పెట్టమంటాడు, అతని అప్పులు అతనివి. కొట్టువాడు ఖాతా రాసుకుంటాడు. వంటమ్మ ఎటు నడుస్తుంది? ఖాతా వైపే. ఆ అరువు ఖరీదు వంకాయ ధరలో కలిసే ఉంటుంది. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు దళారీని పక్కకు తప్పించిన మాట నిజమే. కానీ అవి సంచీలో డబ్బుతో వచ్చే పట్నం గృహిణి కోసం పుట్టాయి, అరువు మీద బతికే బడి వంటగది కోసం కాదు.

వరి రైతుకు మాత్రం బడిదాకా బాట ఉంది. కొనుగోలు కేంద్రం, మద్దతు ధర, మిల్లు, గోదాము. చుట్టుతిరుగుడే అయినా బాటే. రాగుల సంగతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు, రాయలసీమలో సంగటి ముద్ద. ఇన్ని పేర్లతో పండే పంట మన బడులకు రాగిజావగా వచ్చేసరికి 2023 అయింది. ఆ జావలో కలిసినవి ఎవరి చేను రాగులు అన్న గడి మాత్రం మెనూలో లేదు.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల్లోనే చేను నుంచి కంచం దాకా బాట వేసి చూపించారు. బీడు పడ్డ చెలకలు దున్నడానికి అప్పు తీసుకుని, ఆ అప్పును జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నల్ని ఊళ్లోనే నిలవ చేసి, కరువు నెలల్లో నిరుపేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు.

తమరికి కాస్త కటువుగా తోచే కబురు బ్రెజిల్‌ది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న కమతాల కుటుంబాల దగ్గరే సరుకు కొనాలని అక్కడ 2009లో చట్టం చేశారు. భూసంస్కరణల్లో భూమి పొందినవారికీ ఆదివాసులకూ ముందు వరస. ధర స్థానిక మార్కెట్‌కు తగ్గట్టు ఉంటే తమరిని పిలవకుండానే కొనవచ్చని కూడా ఆ చట్టమే చెప్పింది. 2026 నుంచి ఆ వాటాను 45 శాతం చేశారు. అమెరికాలో ఇలాంటి కొనుగోళ్లు చట్టం దన్ను లేకుండా, కేవలం వ్యవసాయ శాఖ నిధులతో నడిచాయి. 2025 మార్చిలో బడుల వాటాగా రావలసిన సుమారు 66 కోట్ల డాలర్లు ఒక్క నిర్ణయంతో ఆగిపోయాయి.

మన దగ్గర 2021 నాటి పీఎం పోషణ్ నిర్ణయంలోనూ రైతు ఉత్పత్తిదారుల సంఘాల ప్రస్తావన ఉంది. ‘ప్రోత్సహించాలి’ అనే క్రియాపదంతో ఉంది. తమరికి తెలియనిదేముంది, ఆ క్రియకు కర్త దొరకడు.

అయిదు కిలోల కోసం ఏ రైతూ ఆటో కట్టడు. మండలంలో ఇరవై బడులు కలిస్తే అదే క్వింటా, బండి కదిలే బరువు. ఆ క్వింటాను ఒకచోట చేర్చే పని రైతు సంఘానికి అప్పగించి, వారం తిరిగేసరికి డబ్బు పడేలా తమ్ముడికి చెప్పగలిగితే చాలు. గుడ్లూ చిక్కీలూ తమరే ఉంచుకోండి, ఎవరూ అడగడం లేదు.

ఈ విన్నపానికి ధరావతు జత చేయలేదు. సీల్డు కవరులో కూడా పెట్టలేదు. ఆ రెండు కారణాల చేత దీన్ని తిరస్కరించే అధికారం తమరికి ఉందని తెలుసు.

ఇట్లు,
మార్కెట్ యార్డు నుంచి తిరుగు ప్రయాణంలో ఉన్న వంకాయల తరఫున