లోకలో రామచంద్రా!

జంగారెడ్డిగూడెం కూరగాయల బజారులో ‘లోకల్ టమాటా’ అన్న కేక వినబడితే, కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువైనా సంచులన్నీ అటే తిరుగుతాయి. ఆ సంచితోనే ఆ మనిషే సెల్‌ఫోన్ల కొట్టుకెళ్లి ఛార్జరు అడిగితే, కొట్టతను గొంతు తగ్గించి ‘ఇది లోకలండీ, ముందే చెబుతున్నాను’ అంటాడు. అంతే, చేతిలోని ఛార్జరు చచ్చిన ఎలకైపోతుంది. ఒకే బజారు, ఒకే మాట. కూరగాయల దగ్గర మెప్పు, కరెంటు సామాను దగ్గర తిట్టు. బడికి లోకల్ హాలిడే ఇస్తే పిల్లలకు పండగ. ‘మేం లోకల్’ అని ఎవరైనా చొక్కా చేతులు మడిస్తే అది బెదిరింపు. పన్ను పీకే డాక్టరు ‘లోకల్ ఇస్తాను’ అంటే అది మత్తు సూది. ఇన్ని వేషాలు వేసే ఈ ఇంగ్లీషు విశేషణం లాటిన్లో ‘చోటు’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని నిఘంటువు చెబుతుంది. మన వాడుక చూస్తే మాత్రం అది చోటు సంగతి తక్కువగా, మాట్లాడేవాడి అవసరం సంగతి ఎక్కువగా చెబుతుందని తేలుతుంది.

ఈ గందరగోళానికీ ఒక లెక్కుంది. నోట్లోకి వెళ్లేది లోకల్ కావాలి: కోడి, గుడ్డు, టమాటా, చేప. పదిమందిలో చూపించుకునేది లోకల్ కాకూడదు: వాచీ, చెప్పులు, సెల్‌ఫోను, అల్లుడు. సీటు, ఉద్యోగం, పదవి లోకల్‌కే దక్కాలి. అప్పిచ్చినవాడు మాత్రం ఎంత నాన్‌లోకల్ అయితే అంత మేలు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న పెద్దలే, ఆ పెరట్లో తిరిగే కోడిని మాత్రం పులుసుకు భేషుగ్గా పనికొస్తుందన్నారు. ఊరి డాక్టరును కాదని విజయవాడ వెళ్లే రోగి, దారిలో పథ్యానికి నాటుకోడి గుడ్లు కట్టించుకోవడంలో ఆ లెక్కే కనిపిస్తుంది. 2020లో ప్రధానమంత్రి ‘వోకల్ ఫర్ లోకల్’ అన్నప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. దేశవాళీ సరుకు కొనమని చెప్పే ఆ నినాదంలో మాటలు మూడూ దిగుమతి సరుకే.

తెలుగులో మాటలు లేకనా ఈ అరువు అని భాషాభిమానులు గద్దిస్తారు. న్యాయమైన ప్రశ్నే. ‘నాటు’ ఉంది, ‘దేశవాళీ’ ఉంది, ‘స్థానిక’ ఉంది. నాటుకోడికి తిరుగులేదు. కానీ నాటు సెలవు? నాటు ఎమ్మెల్సీ? పంటి డాక్టరు ‘ముందు నాటు మత్తు ఇస్తానండీ’ అంటే పేషెంటు కుర్చీతో సహా పరారవుతాడు. ‘స్థానిక’ను పత్రికలవాళ్లు ఎప్పుడో గుత్తకు తీసుకున్నారు. మామూలు రోజుల్లో ఏ మనిషీ స్థానికుడు కాడు. లారీ బోల్తాపడ్డ పూట మాత్రం అక్కడున్న వాళ్లంతా ‘స్థానికులు’ అయి పోలీసులకు సమాచారం అందిస్తారు. స్థానిక వంకాయలు అర కిలో అడిగినవాడికి వంకాయలు దొరకవు, వింత చూపులు దొరుకుతాయి. తెలుగు మాటలు తలా ఒక గదిలో కాపురం ఉంటున్నాయి. లోకల్ మాత్రం వచ్చిన అల్లుడిలా ఇల్లంతా తిరుగుతోంది.

పోనీ, మన మట్టిలో పుట్టిందే లోకల్ అని గిరి గీద్దామా? అప్పుడు ముందు గల్లంతయ్యేది ఆ టమాటాయే. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. దానికి రామములక్కాయ అని పేరుపెట్టి మనవాళ్లు ఇంట్లో కలిపేసుకున్నారు. జంగారెడ్డిగూడెం వేలం కేంద్రాలకు బేళ్లు బేళ్లుగా వచ్చే పొగాకు పేరే వర్జీనియా, అమెరికాలో ఒక రాష్ట్రం. మెట్టలో ఎటు చూసినా కనిపించే పామాయిల్ తోటల మూలం పశ్చిమ ఆఫ్రికా. పెదవేగిలో దేశానికంతటికీ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉండటంతో ఆఫ్రికా చెట్టుకు ఇక్కడే ఆధారు కార్డు ఇచ్చినట్టయింది. పాపం సీమచింత! ఎన్ని తరాలుగా మన గట్లమీద కాసినా పేరులోని ‘సీమ’ను వదిలించుకోలేకపోయింది. ఇక కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె ఇక్కడ పక్కా లోకల్. కైకలూరులోనో ఆకివీడులోనో ఐసు కప్పుకుని లారీ ఎక్కి గువాహటిలో దిగేసరికి వాటి పేరు ‘ఆంధ్రా చేప’. అక్కడి బజారులో ‘లోకల్’ అంటే బ్రహ్మపుత్ర చేప. దానికే ధర, దానికే మర్యాద. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. మన శీలావతి ఇంట గెలిచింది, రచ్చలో నాన్‌లోకల్ అయింది.

‘బజారు మాటలకేం, చట్టానికి స్పష్టమైన నిర్వచనం ఉంది’ అని విద్యార్థులు అడ్డుపడతారు. ఉంది. కాలేజీ సీట్ల కోసం 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నూటికి 85 సీట్లు లోకల్‌కి కేటాయించింది. లోకల్ ఎవరంటే, ముఖ్యంగా, అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాడు. పుట్టుక కాదు, ఇంటిపేరు కాదు, హాజరుపట్టీ! ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం లెక్కన శ్రీకాకుళం కుర్రాడు గుంటూరులో లోకల్. జంగారెడ్డిగూడెం పక్కనే, తెలంగాణ గీత అవతల ఉన్న అశ్వారావుపేట కుర్రాడు జంగారెడ్డిగూడెంలో నాన్‌లోకల్. మనిషి కదలకపోయినా గీత కదులుతుంది. పోలవరం ముంపు మూలంగా కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఖమ్మం జిల్లా నుంచి పశ్చిమ గోదావరిలో కలిశాయి, 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాకు మారాయి. ఎనిమిదేళ్లలో మూడు జిల్లాలకు లోకల్! ఆ ఏప్రిల్ నాలుగునే రెండు గూడేలూ వేరు కాపురం పెట్టాయి: జంగారెడ్డిగూడెం ఏలూరు జిల్లాకు వచ్చింది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. నిర్వచనం రాసిన చట్టమే గీతను జరుపుతుంటే, వంకాయలమ్మే ఆవిడను తప్పుపట్టి లాభమేముంది?

ఇంతమందిలో ఈ మాటను నిక్కచ్చిగా వాడుతున్నది పంటి డాక్టరొక్కరే. ఆయన లోకల్ ఇచ్చిన చోటి మేరకే పనిచేస్తుంది, కొన్ని గంటల్లో దిగిపోతుంది, మిగతా ఒంటితో తగువు పెట్టుకోదు. కనుక ఎవరైనా ‘మేం లోకల్’ అని మీదికొస్తే కంగారుపడకండి. ఎంత మేరకండీ, ఎన్ని గంటలండీ అని నెమ్మదిగా అడగండి.