‘సూన్’ సంగతి తేల్చండి

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ప్రధాన సంపాదకుల వారి దివ్యసముఖానికి,

విషయం: ‘సూన్’ అనే క్రియా విశేషణం మీద ఫిర్యాదు.

అయ్యా,

కొత్త షాపు షట్టరు మీదా, షూటింగే మొదలవని సినిమా పోస్టరు మీదా మేము రోజూ చదివే ఇంగ్లిష్ మాట ఇది: ‘కమింగ్ సూన్’. సూన్ అంటే త్వరలో అని బళ్లో నేర్పారు. ఆ త్వర ఎక్కడుందో కనబడక దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. తీరా చూస్తే ఇది పుట్టు బద్ధకస్తురాలు కాదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో దీని రూపం ‘సోనా’, అర్థం ‘తక్షణం’. అలాంటిది ‘చూద్దాం లెండి’ దాకా దిగజారింది.

పోనీ, ఇదొక్కటే చెడిందా అంటే, దీని చుట్టాలందరిదీ అదే దారి. ‘అనాన్’ని చూడండి. అదీ ఒకప్పుడు ‘ఉన్నపళంగా’ అనే అర్థంలో బతికిన మాటే. షేక్స్‌పియర్ ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగంలో సారా కొట్టు కుర్రాడు ఫ్రాన్సిస్ ఉంటాడు. పక్కగదిలోంచి ఒకరు వాణ్ణి కేకేస్తుంటారు, యువరాజేమో మాటల్లో పెట్టి కదలనివ్వడు. పాపం, వాడు ‘అనాన్, అనాన్’ అని అరుస్తూనే ఉంటాడు, వెళ్లడు. మా హోటళ్లలో ‘వస్తున్నా సార్’ విన్నవాళ్లకి ఆ మాట ఎలా చెడిందో వేరే చెప్పనక్కర్లేదు.

‘బై అండ్ బై’ కథ మరీ ఘోరం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, మార్కు సువార్త ఆరో అధ్యాయంలో, హేరోదియ కూతురు బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్లెంలో పెట్టి ఇవ్వమని రాజును అడుగుతుంది. ఎప్పుడు? ‘బై అండ్ బై’. అప్పట్లో దానర్థం ‘ఈ క్షణమే’. ఈనాటి ఇంగ్లిష్ తెలిసినవాడు చదివితే, ఆ పిల్ల ఎంత మర్యాదస్తురాలో, తీరిక చూసుకుని ఇవ్వమంటోంది అనుకుంటాడు!

‘ప్రెజెంట్లీ’ కూడా ఆ బైబిల్లో ‘వెంటనే’ అనే పలుకుతుంది. ఇప్పుడు ఇంగ్లండులో దానికి ‘కాసేపట్లో’ అని అర్థం. స్కాట్లండులో, అమెరికాలో, మా సర్కారు ఆఫీసుల్లో మాత్రం ‘ఇప్పుడు’. సారు ‘ప్రెజెంట్లీ’ సెలవులో ఉన్నారంటే, ఉన్నారన్నమాటే.

మాటల్ని తప్పుపట్టి లాభం లేదు లెండి. తక్షణం వస్తానని చెప్పి తీరిగ్గా వచ్చినవాళ్లు తరతరాలుగా వాటిని ఇలా చేశారు. విన్నవాళ్లు అనుభవంతో అర్థం సవరించుకున్నారు. పాతమాట అరిగిపోయినప్పుడల్లా కొత్తది కావలసి వచ్చింది. ఇప్పుడు ఆ భారం లాటిన్ నుంచి వచ్చిన ‘ఇమ్మీడియట్లీ’ మీద పడింది. ‘నడుమ ఏదీ అడ్డు లేకుండా’ అన్నది దాని మూలార్థం. ఆఫీసు మెయిళ్లలో దాని వాలకం చూస్తుంటే అదీ ఎన్నాళ్లో నిలిచేలా లేదు.

అర్థాలు మార్చేది మేము కాదు, జనం వాడుకను నమోదు చేయడమే మా పని అంటారు మీరు. ఒప్పుకుంటాను. కానీ మీ ఇంటి సంగతేమిటి? 1879లో సంపాదకులు జేమ్స్ మర్రే గారితో ఒప్పందం రాసుకున్నప్పుడు పదేళ్లలో నిఘంటువు పూర్తి అన్నారు. అయిదేళ్ల తర్వాత, 1884లో, మొదటి భాగం వచ్చింది. అది ‘ఎ’తో మొదలై ‘యాంట్’ దగ్గర ఆగింది. అయిదేళ్ల ప్రయాణం చీమ దాకా! మర్రే గారు 1915లో కన్నుమూశారు. పుస్తకం 1928కి గానీ పూర్తికాలేదు. పని గొప్పది, కాదనను. అలాంటి పని అంతకన్నా తొందరగా అయ్యేదీ కాదు. అయినా ‘సూన్’ పరువు తీసినవాళ్ల జాబితాలో మీ సంస్థ పేరూ రాయక తప్పదు. మూడో కూర్పు సవరణలు 2000 మార్చిలో ‘ఎం’ అక్షరం దగ్గర మొదలుపెట్టి నేటికీ చేస్తూనే ఉన్నారు.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఈ ఉత్తరానికి జవాబు రాస్తే అందులో ‘సూన్’, ‘ప్రెజెంట్లీ’, ‘ఇన్ డ్యూ కోర్స్’ వాడకండి. ఫిర్యాదు ఎప్పుడు తేలుస్తారో తేదీ వేసి పంపండి.

ఇట్లు,
మీ విధేయ పాఠకుడు