రాడో కాక

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడింట్లో ఏ ఊళ్లో బస్సు దిగినా ఒక రాడో కాక తగులుతాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, ఎడమచేతి మడత కుడిచేతి మడత కన్నా రెండంగుళాలు పైకి. కొత్త వాచీ ఆయన జన్మలో కొనలేదు. స్తోమత లేక కాదు, షోరూము మీద గురి లేక. “బేరమాడనియ్యడు, చాయ్ తాగుమనడు, అది ఎవని చేతికి ఉండెనో చెప్పడు. గట్లాంటి వాచీ ఎట్ల కొంటం?” అంటాడు.

ఆయన సరుకంతా దుబాయి, షార్జా, మస్కట్‌ల నుంచి ఛుట్టీ మీద వచ్చినవాళ్ల చేతుల మీద దిగుతుంది. ఒకప్పుడు చేతికి రాడో, ఒంటికి సెంటు లేకుండా ఊళ్లోకి వస్తే, వీడు పోయింది దుబాయా బొంబాయా అని జనం అనుమానపడేవాళ్లు. కట్నం మాటల్లో రాడో పేరు విడిగా పలికిన రోజులవి. ఆ రాడోలే ఇప్పుడు చేతులు మారుతున్నాయి. వచ్చినవాడికి మొదటి నెల వాచీ మీద ప్రేమ. రెండో నెల బోరు ఎండిపోతుంది. మూడో నెల కొత్త వీసాకు పైసలు తక్కువ పడతాయి. కాక మూడో నెల దాకా ఓపిక పడతాడు గానీ, పలకరింపు మొదటి నెలే మొదలుపెడతాడు. “ఎన్నొద్దులుంటవ్ తమ్మీ?” అంటే అది కుశలప్రశ్న అనుకునేరు.

మొన్న జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర చాయ్ హోటల్లో ఒక బేరం చూశాను. నలభై దాటిన కోరుట్ల మనిషి రాడో డయాస్టార్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాక ముట్టుకోలేదు. సాసర్‌లో పోసుకున్న చాయ్ అయ్యేదాకా దాని వైపే చూడలేదు. తర్వాత వేళ్లు తుడుచుకుని, గొలుసు ఒక కొస పట్టుకుని అడ్డంగా చాచాడు. గొలుసు కిందికి వంగింది. “సాగింది” అన్నాడు. ఆ పైన లంగరు పరీక్ష. రాడో ఆటోమేటిక్ వాచీల డయల్ మీద చిన్న లంగరు బొమ్మ ఉంటుంది, వాచీని తిప్పితే అదీ తిరగాలి. మొరాయిస్తే నూనె ఎండిందని కాక సిద్ధాంతం. ఇది చక్కగా తిరిగింది. కాక పెదవి విరిచాడు, సంతోషం బయటపడకుండా.

గీతల సంగతి ఎత్తలేదు, ఎత్తి లాభం లేదు. 1962లో స్విట్జర్లాండ్ వాళ్లు డయాస్టార్‌ను టంగ్‌స్టన్ కార్బైడ్ ఒంటితో, సఫైర్ అద్దంతో చేసిందే గీత పడకూడదని. పదిహేనేళ్లు ఎడారిలో ఉండి వచ్చినా అది నిన్న డబ్బా విప్పినట్టే ఉంటుంది, కట్టుకున్నవాడే సగమై వస్తాడు. అందుకే కాక వాచీ వయసు వాచీలో వెతకడు, అమ్మేవాడి జుట్టులో వెతుకుతాడు.

“డబ్బా ఉన్నదా?”

“ఉన్నది కాకా. గని అండ్ల మా ఇంటామె బీడీల పీఎఫ్ కాగితాలు పెట్టుకున్నది.”

“తీసి ఇయ్యమను.”

“ఇయ్యదు.”

డబ్బా పేరు మీద వెయ్యి తెగింది. తర్వాత అసలు యుద్ధం. కోరుట్లాయన 1,500 దిరాములకు కొన్నానన్నాడు, ఇప్పటి రేటు కట్టి రూపాయల్లోకి మార్చాడు. కాక ఆపాడు. “ఎప్పుడు కొన్నవ్? 2010లనా? అప్పుడు దిరాం పన్నెండు రూపాయల చిల్లర. ఇయ్యాల్టి రేటు నీకెట్ల వస్తది?”

“అమ్మేది ఇయ్యాల గద కాకా!”

“కొన్నది ఆనాడు గదరా!”

డాలరు ముందు దిర్హాం 1997 నుంచి 3.6725 దగ్గరే నిలబడి ఉంది. జారింది మన రూపాయే. ఆ జారుడు లాభం ఎవరికి చెందాలో పెద్ద చదువులవాళ్లు తేల్చగలరో లేదో గానీ, కాక తేల్చేశాడు: కొనేవాడికే. ధర మాత్రం పైకి అనలేదు. పశువుల అంగట్లో లాగ రుమాలు కింద వేళ్లు పట్టుకుని తెంపుకున్నారు.

రోలెక్స్ వస్తే కాక కొనడు, ఉచితంగా తీర్పు చెబుతాడు. దుబాయి కరామా బజారు నకళ్లు ఆయనకు కొత్త కావు. సెకన్ల ముల్లు టక్కుటక్కున దూకితే “బ్యాటరీది” అని మూతి తిప్పుతాడు. ఇప్పటి అసలు రోలెక్సుల్లో చాలావాటి ముల్లు సెకనుకు 8 బుల్లి అడుగులు వేస్తుంది, కంటికి జారుతున్నట్టే ఉంటుంది. తేదీ మీది బుడిపె అద్దం అంకెను రెండున్నర రెట్లు చేసి చూపాలి. కళ్లజోడు లేకుండా తేదీ చదవగలిగితే అసలు, లేకుంటే నకలు. ఆయన కళ్లకు శుక్లాలు వచ్చినప్పటి నుంచి జిల్లాలో అసలు రోలెక్సులు బాగా తగ్గిపోయాయి.

సిరిసిల్ల కాకకు భివండి సరుకు కూడా వస్తుంది. మరమగ్గాల పనికి పోయినవాళ్లు తెచ్చిన పాత సీకో 5లు, హెచ్ఎంటీలు. పాత మిషన్‌కు డయల్ రంగు కొత్తగా వేసి అమ్మడం బొంబాయిలో ఎప్పటి నుంచో ఉన్న విద్యే. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరాయన ముందు ఆ విద్య పారదు. అక్షరం వెంట్రుకవాసి జరిగినా “పోగు తప్పింది” అంటాడు.

ముగ్గురికీ సీరియల్ నంబరు కన్నా ఇంటిపేరు ముఖ్యం. బీరువాలో లుంగీల మధ్య నుంచి ఒక్కొక్కటే తీసి చూపిస్తారు. “ఇది మెట్‌పల్లోళ్ల చిన్నల్లునిది, షార్జాల క్రేన్ నడిపిండు. ఇది రాయికల్ మేస్త్రీది. కఫీల్ బహుమతిచ్చిండట. అబద్ధమే గని వాచీ మంచిది.” అమ్మినవాడు అబుదాబి నుంచి ఫోన్ చేసి “నా వాచీ నడుస్తున్నదా కాకా?” అంటే, “ఉండు” అని బీరువా తెరిచి, ఊపి, చెవికి పెట్టుకుని మరీ చెబుతారు. అదే మనిషి తిరిగి ఇయ్యమంటే ఇయ్యాల్టి దిరాం రేటు.

జగిత్యాల కాక కొడుకు కూడా దుబాయిలోనే. వచ్చే నెల వస్తున్నాడు. “మంచి వాచీ ఒకటి తెస్త బాపూ, ఈడ షోరూంలు మస్తున్నయ్” అన్నాడట ఫోన్లో.

“షోరూం జోలికి పోకు బిడ్డా. మీ క్యాంపుల మనోళ్లెవరన్నా వీసా కాన్సల్ చేసుకొని వస్తున్నరా అరుసుకో.”